ద్రాక్షతోటలో ఐదు జంటల కాపలా

బుధవారం పొద్దున ఆ ఫిరంగి పేలకముందు లోర్నా చేతిలో ఆరు వైన్ గ్లాసులున్నాయి. పేలాక రెండు మిగిలాయి.

ఆమె గాజుముక్కలు తుడిచేసరికి ఫిరంగి మళ్ళీ పేలింది. ఈసారి వంటింట్లోంచి హెస్టర్ కేక కూడా వినపడింది.

"అమ్మాయ్, మనమీద ఎవరైనా దండెత్తారా? ముందే చెబితే పళ్ళసెట్టు పెట్టుకుని చస్తాను!"

సెనెకా సరస్సు ఒడ్డున ఐదు గదుల విడిది హెస్టర్‌ది. ఆవిడకి డెబ్భై ఒకటి. ఫ్లోరిడాలో ఉన్న చెల్లెలు రోజూ ఫోన్ చేసి, ఆ కొంప అమ్మేసి ఎండలోకి రావే అని ప్రాణం తోడేస్తోంది. చివరికి హెస్టర్ ఒక మాట తేల్చి చెప్పింది. ఈ శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఐదు గదులూ నిండి, వచ్చినవాళ్ళు నవ్వుతూ వెళ్తే విడిది ఉంటుంది. లేకపోతే నవంబరులో తాళం పడుతుంది, విడిది పనులన్నీ చూసే లోర్నా రోచెస్టర్‌లో ఒకప్పుడు వదిలేసి వచ్చిన బీమా ఆఫీసు కుర్చీలోకే మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది.

ఆ కుర్చీ తలుచుకుంటే లోర్నాకి ఇప్పటికీ నడుం నొప్పి వస్తుంది. అందుకే నెల రోజులు నిద్ర మానుకుని జంటల కోసం ఈ శరదృతు విహారానికి ప్లాను వేసింది. 'నెమ్మదిగా లేవండి. నెమ్మదిగా తినండి. నెమ్మదిగా ప్రేమించుకోండి. ఆకు రాలిన చప్పుడు వినండి' అని కరపత్రం కూడా తనే రాసింది.

"మూడోది కొంచెం ఎక్కువైంది," అంది హెస్టర్ అది చదివి. "నా మంచాలు పాతవి."

ఇప్పుడు మూడోసారి ఢామ్మంది. లోర్నా ఏప్రన్ విప్పకుండానే కంచె దాటింది.

పక్కతోట ఏటవాలు మీద ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని గ్యాస్ బండకి తగిలించిన, గుండు లేకుండా చప్పుడే చేసే పొడవాటి ఫిరంగి గొట్టాన్ని ముద్దుగా సవరిస్తున్నాడు. ఈ వేసవిలోనే మేనమామ దగ్గర ఆ తోట తీసుకున్నాడని, పేరు ఎమ్మెట్ అని ఊళ్ళో విన్నదే తప్ప చూడలేదు. చూడగానే నచ్చాడు. అది ఇంకా కోపం తెప్పించింది.

"యుద్ధం చేస్తున్నది మీరేనా?"

"యుద్ధం కాదండీ, కాపలా."

"ఎవరి నుంచి?"

అతను కరెంటు తీగల వైపు వేలు చూపించాడు. మూడు నాలుగొందల స్టార్లింగులు, ఆ నల్లపిట్టల మంద, తీగల మీద బారుగా కూర్చుని భోజనాలకి ఎప్పుడు పిలుస్తారా అన్నట్టు ఇటే చూస్తున్నాయి.

"ఎన్ని నిమిషాలకోసారి పేలుతుందిది?"

"పది. మీకు నచ్చకపోతే ఏడు పెట్టగలను."

"ఎల్లుండి నా విడిదికి ఐదు జంటలు వస్తున్నాయి. ప్రశాంతత కోసం వస్తున్నారు! ముద్దు పెట్టుకోబోయిన ప్రతిసారీ ఇది ఢామ్మంటే ఎలా?"

"మధ్యలో పది నిమిషాలుంది కదండీ. చాలదా?"

లోర్నాకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టే కాబట్టి దగ్గింది.

"మూడు రోజులు ఆపండి."

"ఆపితే సోమవారం నేను కోసేది తొడిమలే." ఎమ్మెట్ లేచి నిలబడ్డాడు. ముఖంలో వేళాకోళం పోయింది. "కింద తోటకి వలలు కప్పాను. ఈ ఏటవాలుకి చాలలేదు. ఈ రీస్లింగ్ ద్రాక్ష ఇన్నేళ్ళూ మామయ్య ఎవరికో అమ్మేవాడు. ఈసారి నా పేరుతో వైన్ చేద్దామని ఇంకా కొయ్యకుండా ఉంచాను. తీపి ఎక్కుతున్నకొద్దీ పిట్టలకి కబురు తెలిసిపోతుంది. కోసేవాళ్ళు సోమవారం దాకా దొరకరు."

"అయితే కాపలాకి మనుషుల్ని పెట్టుకోండి."

"ఈ జిల్లాలో చేతులున్న ప్రతివాడూ కోతల్లోనే ఉన్నాడండీ. పొద్దస్తమానం వరుసల మధ్య తిరుగుతూ, గట్టిగా మాట్లాడుకుంటూ ఉండటానికి పదిమంది పనిలేనివాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?"

లోర్నా తీగల మీద పిట్టల్ని చూసింది. వరుసల్ని చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"పదిమంది సరిపోతారా?" అంది.

*

శుక్రవారం సాయంత్రానికి ఐదు జంటలూ దిగాయి. లోర్నా వాళ్ళ ఫోన్లన్నీ తీసుకుని రొట్టెల డబ్బాలో పెట్టి, ఉప్పు బంగాళాదుంపలూ కాల్చిన కోడీ వడ్డించి, 'తోటలో నెమ్మది నడక' గురించి గంభీరంగా చెప్పింది. రోజుకు నాలుగు నడకలు. జంటకొక వరుస. మౌనం వద్దు, మనసు విప్పి మాట్లాడుకోవాలి, వీలైతే గొంతు విప్పి కూడా.

"గొంతెందుకు?" అన్నాడు హార్వీ. బఫెలోలో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, భార్య బెర్నిస్‌తో వచ్చాడు.

"సరస్సు గాలికి ఊపిరితిత్తులు శుభ్రపడతాయండీ," అంది లోర్నా రెప్ప వాల్చకుండా.

తోట దారి చూపించేవాడి వేషంలో మూల నిలబడ్డ ఎమ్మెట్ నీళ్ళు తాగబోయి పొలమారి బయటికి పరుగెత్తాడు. ఆదివారం సాయంత్రం దాకా ఫిరంగి ముట్టనని అతను లోర్నాకి చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. పిట్టల పూచీ ఆమెది, ప్రశాంతత పూచీ అతనిది.

శనివారం మొదటి నడకకే ఎవరి సత్తా ఏమిటో తెలిసిపోయింది. హార్వీ, బెర్నిస్ నయాగరా ప్రయాణంలో ఎప్పుడో కారు మీద మర్చిపోయిన ఫ్లాస్కు ఎవరి తప్పో తేల్చుకోవడం మొదలుపెట్టారు. "కళ్ళు నెత్తికెక్కాయా అని ఆ రోజే అడిగానే నిన్ను!" "నెత్తి మీద జుట్టే లేనివాడివి నువ్వా అడిగేది!" వరుస సగం దాటేసరికి ఏటవాలు మీద ఒక్క పిట్ట లేదు.

"అద్భుతం," అన్నాడు ఎమ్మెట్. "వీళ్ళని పడమటి చివర పెట్టండి. అక్కడ తాకిడి ఎక్కువ."

"మరి కొత్తజంట?"

ఇద్దరూ అటు చూశారు. పెళ్ళై ఆరు వారాలైన ఆ అమ్మాయీ అబ్బాయీ ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుంటూ తిరుగుతున్నారు. వాళ్ళ పక్క తీగమీద ఒక స్టార్లింగు తీరిగ్గా పండు తింటోంది.

"వీళ్ళు తోటకి అరిష్టం," అన్నాడు ఎమ్మెట్.

లోర్నా వంటింట్లోకి వెళ్ళి రెండో నడక కోసం చీటీలు రాసింది. నడుస్తూ మాట్లాడుకోవడానికి జంటకొక ప్రశ్న. కొత్తజంట చీటీలో 'క్రిస్మస్‌కి ఎవరి అమ్మగారింటికి?' అని రాసింది. పావుగంటలో వాళ్ళ వరుసలోంచి పిట్టలు గుంపుగా లేచి సరస్సు అవతలి గట్టుకి పోయాయి.

"మీరు చాలా ప్రమాదకరమైన మనిషి," అన్నాడు ఎమ్మెట్. అది పొగడ్తే అని అతని కళ్ళు చెబుతున్నాయి.

మధ్యాహ్నం సన్నగా వాన పట్టింది. వానలో పిట్టలు మేతకి రావు కాబట్టి నడక వాయిదా పడింది. జంటలు వరండాలో ఆపిల్ రసం కలిపి చేసిన సైడర్ డోనట్లు తింటుంటే లోర్నా ఎమ్మెట్ ట్రాక్టరు పాకలోకి చీటీల లెక్క సరిచూసుకోవడానికి వచ్చింది. కనీసం తనకి తాను చెప్పుకున్న కారణం అదే.

ఎమ్మెట్ ఒక గుత్తి పట్టుకొచ్చి ఆమె అరచేతిలో ఒక పండు పెట్టాడు. "నమలండి. గింజ మింగొద్దు, కొరకండి."

"చేదుగా ఉండదూ?"

"కాయైతే చేదు. పండితే పల్లీలా కటుక్కుమంటుంది. గింజ రంగు కూడా చూడండి, గోధుమరంగుకి తిరగాలి."

కటుక్కుమంది. తీపి ఆలస్యంగా నాలుకంతా పాకింది. పాక చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి, అతని చొక్కా భుజం తడిసి ఉంది, ఆమెకి మాత్రం అక్కడ చలి అనిపించలేదు.

"ఒకటి అడగనా? జంటల విహారానికి ప్లాను వేసే మీకు జంట లేదేం?"

"మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా?"

"నేను ద్రాక్ష తింటాగా." అతను నవ్వాడు. "మీ ప్లానులో ఉన్న కొవ్వొత్తుల భోజనం రుచి ఎలా ఉంటుందో ఎవరితో చూశారు?"

"ఒక్కదాన్నే కూర్చుని చూశాను. రెండు కుర్చీలు వేసుకుని. హెస్టర్ చూసి ఏడ్చింది, నవ్వలేక."

ఎమ్మెట్ నవ్వలేదు. గుత్తిలోంచి ఎండుటాకు ఒకటి తీసి పడేశాడు. "ఈ మూడు రోజులూ అయ్యాక?"

"బాగా జరిగితే ఇక్కడే. లేకపోతే రోచెస్టర్."

అతను ఏదో అనబోయి, "ఓహో," అన్నాడు.

ఓహో ఏమిటి? లోర్నాకి ఒళ్ళు మండింది. ఉండిపొమ్మని అనకపోయినా సరే, అయ్యో అనొచ్చుగా? ఓహో అంటే బస్సు వెళ్ళిపోయినప్పుడు అనే మాట. ఇంతలో వాన తెరిపిచ్చింది. "మూడో నడక టైమైంది," అని ఆమె బురదలోకి దిగి నడిచింది.

ఆ రాత్రి కొత్తజంట చెరో గోడ వైపూ తిరిగి పడుకున్నారని పక్కగదివాళ్ళు చెప్పుకోవడం లోర్నా చెవిన పడింది. చీటీ రాసిన చెయ్యి ఆమెదే. దుప్పటి ముసుగు పెట్టుకున్నా నిద్ర పట్టలేదు.

*

ఆదివారం ఉదయం ఫలహారాల దగ్గర కొంప మునిగింది.

ఇంకో ముక్క కేకు కోసం వంటింట్లోకి వెళ్ళిన బెర్నిస్, ఫ్రిజ్ తలుపు మీద లోర్నా అతికించుకున్న కాగితం పట్టుకుని బయటికొచ్చింది. కళ్ళజోడు సవరించుకుని అందరికీ వినపడేలా చదివింది.

"'హార్వీ, బెర్నిస్. అత్యుత్తమం. పిట్టలు జిల్లా దాటుతాయి. చివరి వరుస. కొత్తజంట. గుసగుసల బాపతు. పోట్లాట పెట్టాలి. క్రిస్మస్.' ఏమిటమ్మా ఇది?"

బల్లచుట్టూ చెంచాలు ఆగిపోయాయి. హెస్టర్ ఏం పట్టనట్టు కాఫీ కలుపుతూ కూర్చుంది.

లోర్నా అబద్ధాల కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. "పక్కతోట ద్రాక్షకి పిట్టల బెడద. ఫిరంగి పేల్చకుండా ఆపించాను. దాని బదులు... మిమ్మల్ని తిప్పాను."

"మేం దిష్టిబొమ్మలమా?" అన్నాడు అల్బనీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకడు.

కొత్త పెళ్ళికూతురు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఆ చీటీ కావాలని ఇచ్చారా? రాత్రంతా మేం మాట్లాడుకోలేదు తెలుసా?"

"తప్పు నాదే," అంది లోర్నా. "నిజంగా తప్పు చేశాను. మిమ్మల్ని క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు."

"మేమెక్కడికీ నడవం," అని అల్బనీవాడు కుర్చీ వెనక్కి వాల్చాడు. మిగతావాళ్ళూ అలాగే కూర్చున్నారు. తొమ్మిది గంటల నడకకి తోటలోకి ఎవ్వరూ దిగలేదు.

తీగల మీది పిట్టలు ఐదు నిమిషాలు ఆగాయి. తర్వాత మంద మొత్తం ఒక్కసారిగా ఏటవాలు మీద వాలింది. వరండాలోంచి చూస్తే పసుపుపచ్చ తోట మీద నల్లదుప్పటి కప్పినట్టయింది.

ఆ వరుసల మధ్య ఎమ్మెట్ ఒక్కడే పరుగెడుతున్నాడు. చేతిలో మూకుడు, గరిటె. ఈ చివర మోగిస్తే ఆ చివర వాలుతున్నాయి, ఆ చివరకి పోతే ఈ చివర.

"ఆ కుర్రాడికేమైనా పిచ్చా?" హార్వీ లేచి నిలబడ్డాడు. "అక్కడ ఫిరంగి ఉంది కదా! పేల్చొచ్చుగా?"

"పేల్చడు," అంది లోర్నా. "మీరు ఇక్కడున్నంతసేపూ పేల్చనని నాకు మాటిచ్చాడు."

ఆమె చేతిలో పాన్‌కేకుల పళ్ళెం ఉంది. పదిమంది అతిథులు మొహం మాడ్చుకుని ఎదురుగా ఉన్నారు. బుజ్జగించి, వేడిగా వడ్డించి, నవ్వించి పంపితే విడిది ఇంకా నిలబడొచ్చు. అందుకు ఇదే ఆఖరి అవకాశం. లోర్నాకి అది బాగా తెలుసు.

పళ్ళెం బెర్నిస్ ఒళ్ళో పెట్టేసి కంచె దూకింది.

హుష్ హుష్ అంటూ మొదటి వరుసలో పరుగెత్తింది. పిట్టలు తలెత్తి చూసి మళ్ళీ తినడంలో పడ్డాయి. అరవడానికి ఆమెకి మాటలు కావాలి. అవతలి చివర మూకుడుతో నిలబడ్డవాణ్ణి చూడగానే మాటలు వాటంతట అవే వచ్చాయి.

"బుద్ధుందా నీకు! ఫిరంగి పేల్చవేం!"

"మాటిచ్చాను!" అతనూ అరిచాడు.

"ఎవరడిగారు నీ మాట!"

"నువ్వే అడిగావు! ఏప్రన్ కట్టుకొచ్చి మరీ అడిగావు!"

"విహారం ఎలాగూ మునిగింది! అందరికీ తెలిసిపోయింది! పేల్చు!"

"పేల్చను! వాళ్ళు వెళ్ళిపోతే నువ్వూ రోచెస్టర్ పోతావు!"

లోర్నా ఆగిపోయింది. ఆమె పక్కనున్న పిట్టలు కూడా ఆగాయి.

"పోతే నీకేం? నిన్న ఓహో అన్నావుగా! ఓహోనట ఓహో! మనిషన్నవాడు అనే మాటేనా అది!"

"మూడు రోజుల పరిచయానికి ఉండిపో అని ఎలా అడగను! నవ్వవా నువ్వు!"

"నవ్వితే నవ్వేదాన్ని! అడిగి చావాల్సింది!"

"ద్రాక్ష పోతే వచ్చే ఏడాది మళ్ళీ కాస్తుంది లోర్నా! నువ్వు పోతే మళ్ళీ ఎక్కడ కాస్తావు!"

"నేనేమైనా గుమ్మడిపాదునా!"

ఆ కేకకి ఏటవాలంతా ఒక్కసారి లేచింది. వందల రెక్కల చప్పుడుతో నల్లదుప్పటి గాల్లోకి ఎగిరి, ఒకసారి సుడి తిరిగి, సరస్సు వైపు పోయింది.

వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. హార్వీయే.

"ఏమే, లే! ఈ పిల్లలు బాగానే మొదలెట్టారు గానీ మధ్యాహ్నం దాకా ఓర్చుకోలేరు. అనుభవం కావాలి."

"నీ అనుభవం తెలుసులే, పద," అని బెర్నిస్ పళ్ళెం పక్కన పెట్టి లేచింది. వాళ్ళ వెనక అల్బనీవాళ్ళు. అందరికన్నా ఆఖరున కొత్తజంట, కాస్త దూరం దూరంగా. కంచె దాటేటప్పుడు అతను చెయ్యి ఇచ్చాడు, ఆమె పట్టుకుంది. దాటాక వదల్లేదు. పడమటి వరుసలోకి వెళ్ళాక ఆమె హాయిగా గొంతెత్తి, "మీ అమ్మ టర్కీ కోడి తాటిచెక్కలా ఉంటుంది!" అని అరిచింది. అతను విరగబడి నవ్వాడు. ఈసారి వాళ్ళ పోట్లాటని ఎవరూ చీటీ రాసి పెట్టలేదు.

*

పొద్దు గూకేదాకా ఒక్క పిట్ట వాలలేదు. సాయంత్రం కార్లెక్కేముందు జంటలు రొట్టెల డబ్బాలోంచి ఫోన్లు తీసుకుంటూ, వచ్చే అక్టోబరుకి గదులు రాసుకోమని హెస్టర్‌ని చుట్టుముట్టాయి. కొత్తజంట చివరి వరుస కావాలంది. ఆ వరుస తమదని హార్వీ ఒప్పుకోలేదు. ఇంకో పోట్లాట జరిగింది.

హెస్టర్ లోర్నాని పక్కకి పిలిచింది. "ఇప్పుడే చెల్లెలికి ఫోన్ చేశాను. ఎండ నువ్వే కాచుకో, నాకిక్కడ పనుంది అని చెప్పాను. ఆ కుర్రాడు మూడుసార్లు వచ్చి కంచె దగ్గర నిలబడి వెళ్ళాడు. నువ్వింకా జవాబు చెప్పలేదట. పొద్దుట్నుంచీ తిండి కూడా తినలేదు, వెధవ."

జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఉంది. పొద్దున పది గంటలకే లోర్నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావట్లేదు. ఎమ్మెట్‌కి ఆ సంగతి తెలియదు. అంతలా అరిచి, ఆ తర్వాత తన వైపు చూసి చెయ్యి ఊపి ఊరుకుందంటే అది కాదనడమే అని అతను తేల్చుకున్నాడు.

ఆమె కంచె దాటి ఏటవాలు ఎక్కింది. అతను పైచివర బోర్లించిన బుట్ట మీద కూర్చుని, చూసి లేచాడు. కార్ల దగ్గర అందరూ అటే చూస్తున్నారు. వరుస పొడుగూ నడవడానికి చాలాసేపు పట్టింది, ఎందుకంటే లోర్నా మొదటిసారిగా తన కరపత్రంలో చెప్పినట్టే నడిచింది.

"చూడండి, నేను పొద్దున అన్నవన్నీ మర్చిపోండి," అన్నాడు ఎమ్మెట్ ఆమె దగ్గరికి రాకముందే. మళ్ళీ మీరులోకి పోయాడు. "కోపంలో ఏదేదో అరిచాను. మీరు రోచెస్టర్ వెళ్ళాలంటే..."

లోర్నా అతని కాలరు పట్టుకుని కిందికి లాగింది. చెవి దగ్గర నోరు పెట్టి, మిగిలిన ఆ గాలి గుసగుసతోనే చెప్పింది.

అతని మొహం చూస్తుండగానే ఎర్రబడింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"ఏమందీ?" కిందనుంచి హార్వీ అరిచాడు. "మాకు వినపడలేదు!"

"మీకు చెప్పింది కాదు లెండి!" అని ఎమ్మెట్ కేకేసి, ఇంకోసారి చెప్పమన్నట్టు చెవి మళ్ళీ ఆమె దగ్గర పెట్టాడు.